ముగిసే ఆటా, ముగియని ఆటా? ఫ్రీ గేమ్స్‌లో ఏది మేలు

"బాబాయ్, డబ్బు పెట్టక్కర్లేని మంచి గేమ్ ఒకటి చెప్పు" అని మా అన్నయ్య కొడుకు అడిగాడు. వాడి ల్యాప్‌టాప్ పాతది. గ్రాఫిక్స్ కార్డు లేదు, కాస్త బరువైన గేమ్ వేస్తే చాలు ఫ్యాను హోరెత్తిపోతుంది. ఒకటి చెప్పమంటే నేను పది చెప్పాను. వారం తర్వాత వచ్చి, "బాగానే ఉన్నాయి గానీ, కొన్ని ఎంత ఆడినా అయిపోవేంటి బాబాయ్?" అన్నాడు.

ఆ పదీ చెప్పేటప్పుడు నేను చూసుకున్నవి వేరు. కంట్రోల్స్ తేలికేనా, పాత మెషీన్ మీద నడుస్తుందా, సరదాగా ఉంటుందా, అంతే. వాడు పట్టుకున్న పాయింటు నాకు తట్టలేదు. కొన్న గేమ్ అయితే పెట్టిన డబ్బు గిట్టిందా లేదా అని ఒక లెక్క ఉంటుంది. ఫ్రీ గేమ్ దగ్గర ఆ లెక్కే లేదు. నచ్చకపోతే రెండు నిమిషాల్లో ట్యాబ్ మూసేస్తాం. నచ్చితే మాత్రం అది మనల్ని ఎప్పుడు వదులుతుందో చూసుకోవాలి. అందుకని ఈసారి ఆ ఒక్క ప్రశ్న పెట్టుకుని వీటిని మళ్లీ పక్కపక్కన పెట్టి ఆడాను.

ముందే ఒక మాట. డౌన్‌లోడ్ ఉచితం అని చెప్పి, ఆ తర్వాత వజ్రాలు కొను, ముప్పై సెకన్ల యాడ్ చూడు, లేదంటే నాలుగు గంటలు ఆగు అనే బాపతు గేమ్స్ ఈ లెక్కలోకి రావు. కింద చెప్పేవన్నీ పైసా పెట్టకుండా చివరిదాకా ఆడుకోగలిగినవే.

కుకీలు, చీకటి గది, పేపర్ క్లిప్పులు

బ్రౌజర్ గేమ్స్ అనగానే చాలామంది చెప్పే పేరు కుకీ క్లిక్కర్. ఫ్రాన్స్‌కు చెందిన జూలియెన్ తియెన్నో 2013లో చేశాడు. తెర మీద ఒక పెద్ద కుకీ ఉంటుంది. నొక్కితే ఖాతాలో ఒక కుకీ పడుతుంది. 15 పోగైతే ఒక కర్సర్ కొనుక్కోవచ్చు, అది పది సెకన్లకోసారి దానంతటదే నొక్కుతుంది. 100 అయితే ఒక బామ్మను పెట్టుకోవచ్చు, ఆవిడ సెకనుకో కుకీ చేసిపెడుతుంది. కొన్న ప్రతిసారీ ఆ వస్తువు ధర 15 శాతం పెరుగుతుంది. పదిహేను శాతమే కదా అనిపిస్తుంది. మొదటి బామ్మ 100కి వస్తుంది, పదో బామ్మ 352కి, యాభయ్యో బామ్మ దాదాపు 94 వేలకి. చక్రవడ్డీ ఎలా పాకుతుందో ఇంతకంటే బాగా చెప్పిన పాఠం నేను చదవలేదు.

ధర పెరిగినట్టే మన సంపాదనా పెరుగుతుంది కాబట్టి, తర్వాతి వస్తువు ఎప్పుడూ అందీ అందనట్టే ఉంటుంది. "ఇదొక్కటి కొని లేస్తా" అనే మాట ఈ గేమ్ ముందు కూర్చున్నవాళ్లంతా కనీసం వందసార్లు అనుకుని ఉంటారు. పైగా అప్పుడప్పుడు తెర మీద ఏదో ఒక మూల బంగారు కుకీ తేలుతుంది, కాసేపటికి మాయమవుతుంది. అదృష్టం బాగుండి సరైనది దొరికితే 77 సెకన్లపాటు ఉత్పత్తి ఏడు రెట్లవుతుంది. అసలు గాలం ఇదే. ట్యాబ్ తన పని తాను చేసుకుంటుందిలే అని వదిలేద్దామనుకుంటాం, బంగారు కుకీ వచ్చిందేమోనని మళ్లీ తొంగిచూస్తాం. అన్నీ కొనేశాక? మొత్తం వదిలేసి, కొంచెం బోనస్ పట్టుకుని మొదటి నుంచీ మొదలెట్టుకోమంటుంది.

నేను నాలుగు నెలలు పెంచాను. ఒకరోజు బ్రౌజర్ మందగించిందని సెట్టింగ్స్‌లోకి వెళ్లి, కుకీలు (సైట్లు మన బ్రౌజర్‌లో దాచుకునే చిన్న ఫైళ్లు), సైట్ డేటా అన్నీ తుడిచేశాను. ఆ కుకీలు వేరు, ఈ కుకీలు వేరు అనే ధీమాతో ఉన్నాను. రెండూ కలిసే పోయాయి. ఇలాంటి గేమ్స్ మన ఆటను వాళ్ల సర్వర్‌లో దాచవు, మన బ్రౌజర్‌లోనే ఒక మూల రాసుకుంటాయి. డేటా తుడిచినా, వేరే బ్రౌజర్‌లో తెరిచినా, ప్రైవేట్ విండోలో ఆడి మూసినా అంతే సంగతులు. ఆప్షన్స్‌లో సేవ్‌ను ఎక్స్‌పోర్ట్ చేసే వీలుంది. పొడుగాటి అక్షరాల వరస ఒకటి ఇస్తుంది, దాన్ని కాపీ చేసి మెయిల్‌లో పెట్టుకుంటే ఎక్కడైనా మళ్లీ అతికించుకోవచ్చు. నేను చేయలేదు. పోయిన రోజు బాధపడాలి కదా, విచిత్రంగా హాయిగా అనిపించింది. నాలుగు నెలలు ఆడిన గేమ్ పోతే హాయిగా అనిపించిందంటే దాని గురించి ఇక వేరే రివ్యూ అక్కర్లేదు.

అదే 2013లో మైకేల్ టౌన్‌సెండ్ చేసిన గేమ్ ఎ డార్క్ రూమ్. తెరిస్తే తెల్లటి పేజీ. నిప్పు ఆరిపోయింది, గది గడ్డకట్టిపోతోంది అని రెండు ముక్కలు. ఒకే ఒక బటన్: నిప్పు రాజెయ్యి. బొమ్మ అన్నది లేదు. నొక్కితే పైన ఉన్న "చీకటి గది" అనే శీర్షిక "నిప్పు వెలుగున్న గది"గా మారుతుంది. మీరు గమనించకపోయినా గేమ్ ఏమీ అనుకోదు. కాసేపటికి చిరిగిన బట్టలతో ఎవరో మనిషి తలుపు తోసుకుని వచ్చి మూల కూలబడతారు. తర్వాత పక్కన ఇంకో శీర్షిక పుడుతుంది: నిశ్శబ్దమైన అడవి. కట్టెలు ఏరుతాం, ఉచ్చులు పెడతాం, ఒక గుడిసె వేస్తాం. ఆ గుడిసె వేయగానే "నిశ్శబ్దమైన అడవి" కాస్తా "ఒంటరి గుడిసె" అవుతుంది, తర్వాత "చిన్న పల్లె" అవుతుంది. కథ చెప్పడానికి ఆ శీర్షికలు చాలు.

పైపైన చూస్తే ఇదీ కుకీ క్లిక్కరే. కట్టెలు పోగవుతాయి, అంకెలు పెరుగుతాయి, ఏదో కొంటాం. తేడా ఏమిటంటే, ఈ పద్ధతి మనకు అలవాటైపోయిందనుకునేసరికి గేమ్ ఇంకోలా మారిపోతుంది. దిక్సూచి చేతికొచ్చాక ఏం జరుగుతుందో నేను చెప్పను. చెబితే నా మీద కోపం వస్తుంది. రెండు మూడు సాయంత్రాల్లో పూర్తవుతుంది. పూర్తయ్యాక, ఇన్ని గంటలూ మనం ఏం చేశామో, ఎవరిమో అని వెనక్కి తిరిగి ఆలోచించుకునేలా చేస్తుంది. దీని ఐఫోన్ వెర్షన్ 2014లో అమెరికా యాప్ స్టోర్‌లో పెయిడ్ జాబితా మొదటి స్థానానికి ఎక్కింది. ఫోన్‌లో కావాలంటే కొనాలి, బ్రౌజర్‌లో ఇప్పటికీ ఉచితమే.

మూడోది యూనివర్సల్ పేపర్‌క్లిప్స్, 2017లో ఫ్రాంక్ లాంట్జ్ చేసింది. మీరొక కృత్రిమ మేధ. మీ పని పేపర్ క్లిప్పులు చేయడం. తీగ కొనాలి, ధర పెట్టాలి, అమ్మాలి. ధర ఒక్క పైసా తగ్గిస్తే గిరాకీ పెరుగుతుంది, పెరిగితే తీగ అయిపోతుంది. మొదటి గంట చిన్న వ్యాపారం చేస్తున్నట్టే ఉంటుంది. ఎక్కువ క్లిప్పులు చేయడమే ధ్యేయంగా పెట్టిన యంత్రం ఎంతదూరం పోగలదు అని తత్వవేత్త నిక్ బోస్ట్రమ్ వేసిన ప్రశ్న దీని వెనక ఉంది. ఆ ప్రశ్నను వ్యాసంలో చదివితే "అబ్బా, ఊరికే భయపెడుతున్నారు" అనిపిస్తుంది. ఇక్కడ ఆ యంత్రం మనమే, మనుషుల సంగతి అడ్డంకిలా కనిపించడం ఎప్పుడు మొదలైందో మనకే తెలియదు. చివరికొచ్చేసరికి క్లిప్పుల లెక్క 3 పక్కన 55 సున్నాలకు చేరుతుంది. ఆ తర్వాత చేయడానికి ఏమీ మిగలదు. నిజంగానే మిగలదు.

ఈ మూడింటిలో నా ఓటు చీకటి గదికి. అంకెలంటే ఇష్టమున్నవాళ్లకు పేపర్‌క్లిప్స్. మా వాడు ఒప్పుకోలేదు, "క్లిప్పులదే గొప్ప బాబాయ్, నీ చీకటి గదిలో మొదటి పది నిమిషాలు నిద్రొచ్చింది" అన్నాడు. అదీ నిజమే, మొదటి పది నిమిషాలు ఓపిక పట్టాలి. కుకీ క్లిక్కర్‌ను ఎవరికైనా సిఫారసు చేస్తానా? ఒక్కరోజు ఆడి చూడమంటాను. బామ్మల సంగతి ఎటు పోతుందో చూడ్డానికైనా.

దూకే ఆటలు

వేళ్లకు పనిచెప్పే గేమ్ కావాలంటే సెలెస్ట్ క్లాసిక్, స్పెలంకీ క్లాసిక్ రెండూ ఎదురెదురుగా నిలబడతాయి.

సెలెస్ట్ పేరు వినే ఉంటారు, 2018లో వచ్చిన పెయిడ్ గేమ్. దానికి మూలం 2015లో మ్యాడీ థోర్సన్, నోయెల్ బెరీ నాలుగు రోజుల్లో చేసిన చిన్న గేమ్. అదే సెలెస్ట్ క్లాసిక్, బ్రౌజర్‌లో ఉచితం. పికో-8 అనే ఊహాయంత్రం కోసం చేశారు. అసలు మెషీన్ ఎక్కడా లేదు, ఉన్నట్టు అనుకుని దానికి కావాలని హద్దులు పెట్టుకున్నారు: తెర 128 చుక్కల వెడల్పు, 128 చుక్కల ఎత్తు, మొత్తం 16 రంగులు. ఈ రోజుల్లో ఒక యాప్ ఐకాన్ గీయడానికి కూడా అంతకంటే ఎక్కువ చుక్కలు వాడతారు.

అంత చిన్న తెర మీద ఒక పాప కొండ ఎక్కుతుంది. పరుగు, దూకడం, గాల్లో ఒక్కసారి విసురుగా దూసుకుపోవడం, అంతే. ఆ దూసుకుపోవడం నేల తాకేదాకా మళ్లీ దొరకదు. దొరుకుతుందో లేదో చెప్పడానికి మీటర్లు, బార్లు ఏమీ పెట్టలేదు. జుట్టు ఎర్రగా ఉంటే ఉంది, నీలంగా మారితే వాడేశారు. ఆడుతూ ఆడుతూ ఆ జుట్టు రంగు చూసే వేలు ఆగడం నేర్చుకుంటుంది. మధ్యలో బెలూన్లు తగులుతాయి, తాకితే జుట్టు మళ్లీ ఎర్రబడుతుంది. కాలు పెట్టగానే కూలిపోయే దిమ్మెలు, ఎగరేసే స్ప్రింగులు, మేకులు. దాదాపు 30 తెరలు. ఒక్కోటి ఐదు సెకన్ల పని, ఆ ఐదు సెకన్లు సరిగ్గా రావడానికి పావుగంట. చచ్చిపోతే వెంటనే అదే తెర మొదట్లో ఉంటాం, "గేమ్ ఓవర్" అని ఏడిపించదు. శిఖరం మీద జెండా దగ్గరికి వెళ్తే ఎంతసేపు పట్టింది, ఎన్నిసార్లు చచ్చారు అని లెక్క చూపిస్తుంది.

స్పెలంకీని డెరెక్ యూ 2008లో విండోస్ కోసం ఉచితంగా వదిలాడు. 2012లో వచ్చిన మెరుగైన వెర్షన్ కొనాలి, పాతది మాత్రం డౌన్‌లోడ్ చేసుకుని ఆడుకోవచ్చు. గుహలోకి దిగుతాం, నిధులు ఏరుకుంటాం, ఏదో ఒకదానికి చస్తాం. చస్తే మొదటికే. కొత్తగా మొదలుపెట్టినప్పుడు గుహ కూడా కొత్తదే. ఇలా ఎప్పటికప్పుడు కొత్త గుహ పుట్టించడంలో ఒక తెలివి ఉంది. ప్రతి లెవెల్ అడ్డంగా నాలుగు, నిలువుగా నాలుగు, మొత్తం 16 గదుల గడి. కంప్యూటర్ ముందుగా పైనుంచి కిందిదాకా ఒక దారి గీస్తుంది, ఆ దారిలో పడే గదులకు తలుపులు తప్పకుండా ఉండేట్టు చూస్తుంది. మిగిలిన గదులను ఇష్టం వచ్చినట్టు నింపుతుంది. అందుకే ప్రతిసారీ కొత్తగా ఉన్నా, దారి మూసుకుపోయిన గుహ రాదు. బట్టీ పట్టడం కుదరదు, అర్థం చేసుకోవాల్సిందే. బాణం వదిలే రాతి బొమ్మ గోడలో కనిపిస్తూనే ఉంటుంది. మనమే చూడకుండా దూకుతాం.

మా వాడికి ఇది పిచ్చిగా నచ్చింది. ఒకసారి గుహలో ఉండే దుకాణంలో నిలబడి సరదాకి రాయి విసిరాడు. అది వెళ్లి దుకాణదారుడికి తగిలింది. ఆ పెద్దమనిషి తుపాకీ తీసుకుని వెంటపడ్డాడు, వీడు కంగారులో మేకుల మీదికి దూకాడు. "నేను కొట్టాలని కొట్టలేదు బాబాయ్!" అని స్క్రీన్‌కి చెప్పుకోలేక నాకు చెప్పుకున్నాడు. ఇలాంటి ముచ్చట్లు స్పెలంకీలో వారానికి పది పుడతాయి. సెలెస్ట్‌లో పుట్టవు, అక్కడ అందరికీ అదే కొండ.

నా ప్రశ్న ఇక్కడ కాస్త చిక్కుల్లో పడింది. స్పెలంకీకి 16 లెవెళ్ల తర్వాత ముగింపు ఉంది గానీ అక్కడిదాకా వెళ్లేది ఎందరు? నేనైతే చాలాకాలం వెళ్లలేదు. అలా చూస్తే ఇదీ ముగియని ఆటే. అయినా కుకీ క్లిక్కర్ లాంటి నస ఇందులో లేదు. ఎందుకంటే ఇక్కడ ఒక్కో ప్రయత్నం ఐదు పది నిమిషాల్లో తేలిపోతుంది. చచ్చినప్పుడల్లా "ఇక లేద్దామా?" అని అడిగినట్టే. కుకీ క్లిక్కర్‌లో ఆ ఖాళీ ఎక్కడా రాదు, పొయ్యి మీద ఎసరు పెట్టి వచ్చినట్టే ఉంటుంది. కాబట్టి ప్రశ్నను కొంచెం సవరించుకున్నాను: ముగింపు లేకపోయినా ఫర్వాలేదు, మధ్యలో దిగడానికి మెట్లుండాలి.

ఒక్క సాయంత్రం ఉంటే సెలెస్ట్ క్లాసిక్. నెలలు ఆడుకోడానికి ఒకటే గేమ్ కావాలంటే స్పెలంకీ.

ఈ రెండిటి గొడవలో కేవ్ స్టోరీని మరిచిపోతే పాపం. జపాన్‌కు చెందిన దైసుకే అమాయా ఐదేళ్లపాటు ఒక్కడే కూర్చుని కథ, బొమ్మలు, సంగీతం, ప్రోగ్రాం అన్నీ చేసి 2004లో ఉచితంగా పెట్టేశాడు. అభిమానులే ఇంగ్లీషులోకి అనువదించారు. ఇందులో నాకు నచ్చిన ముక్క తుపాకుల సంగతి. శత్రువు పోయిన చోట పసుపు త్రికోణాలు రాలతాయి, ఏరితే చేతిలో ఉన్న తుపాకీ స్థాయి పెరుగుతుంది. దెబ్బ తింటే తగ్గుతుంది. అంటే కష్టంలో పడ్డప్పుడే ఆయుధం కూడా బలహీనపడుతుంది. ఒకే ఒక్క నియమం, దాంతో ప్రతి పోరూ టెన్షన్‌గా మారిపోతుంది. అన్నిట్లోకీ నిండుగా, ఒక మంచి నవల చదివినట్టుండేది కావాలంటే ఇదే. ప్లస్ గుర్తుతో అమ్మే వెర్షన్ వేరు, అది కొత్త హంగులతో వచ్చింది. మొదటిసారి ఆడేవాళ్లకు ఉచితమైన పాతదే చాలు.

పని మధ్యలో ఐదు నిమిషాలు

2048, వర్డిల్, పాస్‌వర్డ్ గేమ్. ఇక్కడ ఎక్కువ చెప్పడానికి లేదు.

ఒకే అంకె ఉన్న పలకలను కలుపుతూ పెంచుకుపోయే 2048ని ఇటలీకి చెందిన గాబ్రియెలే చిరుల్లి 2014 మార్చిలో, పందొమ్మిదేళ్ల వయసులో ఒక వీకెండ్‌లో చేశాడు. కోడ్ అందరికీ తెరిచిపెట్టాడు. దాంతో నకళ్లు పుట్టగొడుగుల్లా వచ్చాయి, యాడ్స్‌తో నిండినవే ఎక్కువ, కాబట్టి అసలుదే వెతుక్కోండి. పెద్ద అంకెను ఒక మూల పెట్టి అక్కడి నుంచి కదలనివ్వకపోతే సగం ఆట వచ్చినట్టే. ఐదు నిమిషాలని మొదలుపెడితే అరగంట అవుతుంది, నా అనుభవం.

జోష్ వార్డిల్ చేసిన వర్డిల్‌ను 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొనేసింది. ఇంగ్లీషులో ఐదక్షరాల మాట కనిపెట్టాలి, ఆరు ప్రయత్నాలు, రోజుకు ఒక్కటే. ఆ "రోజుకు ఒక్కటే" అన్నది దీని గొప్పదనం. డబ్బు కట్టకుండా ఇంకోటి ఆడదామన్నా తలుపు వేసేసి ఉంటుంది.

నీల్ అగర్వాల్ 2023లో పెట్టిన పాస్‌వర్డ్ గేమ్ మాత్రం ఒక్కసారైనా ఆడాలి. పాస్‌వర్డ్ పెట్టమంటుంది. ఒక అంకె ఉండాలి, సరే. పెద్దక్షరం ఉండాలి, సరే. అంకెలన్నీ కూడితే 25 రావాలి. నెల పేరు ఉండాలి. రోమన్ అంకెలు గుణిస్తే 35 రావాలి. చదరంగంలో మంచి ఎత్తు ఉండాలి. తర్వాత ఒక గుడ్డు ఇచ్చి, ఇది పాల్ అనే కోడిపిల్ల, ఇంకా బయటికి రాలేదు, జాగ్రత్తగా చూసుకోమంటుంది. ఇంతలో పాస్‌వర్డ్‌కి నిప్పంటుకుంటుంది. గుడ్డు కాలిపోకుండా అక్షరాలు చెరుపుతూ నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఈ మూడింట్లో నవ్వించేది ఇదొక్కటే. రోజూ ఆడేది కాదు, వర్డిల్ అందుకు.

పోటీ లేని ఒకటి

నికీ కేస్ 2017లో చేసిన ది ఎవల్యూషన్ ఆఫ్ ట్రస్ట్‌ను దేనితో పోల్చాలో నాకు తోచలేదు. అరగంట పడుతుంది, బ్రౌజర్‌లోనే. మీ ముందు ఒక పెట్టె. అందులో మీరు ఒక నాణెం వేస్తే అవతలివాడికి మూడొస్తాయి, వాడు వేస్తే మీకు మూడు. వేయకుండా తీసుకుంటే ఇంకా లాభం. ఒక్కసారి ఆడితే మోసమే లాభమనిపిస్తుంది. అదే మనిషితో పదేపదే ఆడాల్సి వస్తే? ఎప్పుడూ మోసం చేసేవాడు, ఎప్పుడూ నమ్మేవాడు, నువ్వు చేసిందే తిరిగి చేసేవాడు, ఒక్కసారి మోసపోతే జన్మలో క్షమించనివాడు, ఇలా రకరకాల టోపీలు పెట్టుకున్న బొమ్మలు ఒకరితో ఒకరు పోటీపడతాయి. ఎవరు మిగులుతారో ముందే పందెం కాయాలి. నేను ఓడిపోయాను. గేమ్స్ అంటే గిట్టని మా వదిన కూడా వెనక నిలబడి చూసి, "ఆ పగబట్టినవాడు ఎన్నాళ్లు నిలుస్తాడో చూడు" అంది.

డౌన్‌లోడ్ చేసుకునే బరువైనవి

వ్యూహాలు ఇష్టమైనవాళ్లకు మూడు పేర్లు: బ్యాటిల్ ఫర్ వెస్నోత్, ఓపెన్‌టీటీడీ, డ్వార్ఫ్ ఫోర్ట్రెస్. మూడూ ఏళ్ల తరబడి ఎవరో కూర్చుని మెరుగుపెడుతూ వస్తున్నవే. పేరుకు బరువైనవి గానీ పాత ల్యాప్‌టాప్ మీద మొదటి రెండూ బాగా నడుస్తాయి.

వెస్నోత్‌ను డేవిడ్ వైట్ 2003లో మొదలుపెట్టాడు. ఆరు పలకల గడుల మీద సైన్యాన్ని నడిపించాలి. ఎవరు ఎక్కడ నిలబడ్డారు, ఇప్పుడు పగలా రాత్రా అన్నదే సగం యుద్ధం. ధర్మపక్షం సైనికుల దెబ్బ పగలు 25 శాతం ఎక్కువ, రాత్రి 25 శాతం తక్కువ. చీకటి శక్తులకు సరిగ్గా తిరగేసి. అంచేత సాయంత్రమవుతుంటే వెనక్కి తగ్గి, తెల్లారాక మీద పడాలి. ఎల్ఫులు అనే అడవిజాతి సైనికులు అడవిలో ఉంటే వాళ్ల మీద పడే దెబ్బలు నూటికి ముప్పై నలభైయే తగులుతాయి, మైదానంలోకి వస్తే అరవై. ఈ రెండు సంగతులు తెలుసుకుంటే మొదటి కథ దాటేయొచ్చు. ఒక్కో కథ కొన్ని యుద్ధాలుగా ఉంటుంది, ఒక యుద్ధం పూర్తి చేసి లేవొచ్చు. దిగే మెట్లు ఉన్నాయన్నమాట.

ఓపెన్‌టీటీడీలో టీటీడీ అంటే ట్రాన్స్‌పోర్ట్ టైకూన్ డీలక్స్, 1995 నాటి గేమ్. దాన్ని 2004 నుంచి అభిమానులు తిరగరాశారు. 1950లో మొదలుపెట్టి బొగ్గు, సరుకులు, జనం, అన్నిటినీ రైళ్లలో, బస్సుల్లో, ఓడల్లో మోస్తూ కంపెనీ పెంచాలి. ఎంత దూరం, ఎంత త్వరగా చేర్చాం అన్నదాన్ని బట్టి కిరాయి. ఒక్క సిగ్నల్ తప్పుచోట పెడితే రెండు రైళ్లు ఎదురెదురుగా ముక్కు ముక్కు ఆనించుకుని నిలబడిపోతాయి. వాటి వెనక ఇంకో ఆరు. దాన్ని విడదీసేసరికి రాత్రి ఒంటిగంట. మెట్లు ఎక్కడా లేవు. ప్రశ్న ప్రకారం దీనికి మార్కులు తక్కువ రావాలి. అయినా ఇష్టం, ఏం చేస్తాం. కుకీలు పోయినప్పుడు హాయిగా అనిపించింది గానీ, ఈ రైల్వే పోతే నిజంగా ఏడుస్తాను.

మరుగుజ్జుల కోటను నడిపించే డ్వార్ఫ్ ఫోర్ట్రెస్ 2006 నుంచి ఉంది. బొమ్మలతో అందంగా ఉన్న వెర్షన్ 2022 డిసెంబర్ నుంచి అమ్ముతున్నారు, అక్షరాలతో, గుర్తులతో ఉండే క్లాసిక్ వెర్షన్ ఉచితం. ఓడిపోవడమే సరదా అన్నది దీన్ని ఆడేవాళ్ల మాట. కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు నేను చెప్పను. నేర్చుకోడానికే ఒక సెలవు కావాలి.

ఈ మూడింటిలో మొదట వెస్నోత్.

బ్రౌజరా, డౌన్‌లోడా?

బ్రౌజర్‌లో ఆడితే ఇన్‌స్టాల్ గొడవ లేదు, నచ్చకపోతే పోయేదేమీ లేదు. సేవ్ పోతుందన్న భయం ఒక్కటే, అది పైన చెప్పాను. చీకటి గదిలోనూ పేజీ అడుగున సేవ్ దగ్గర ఎక్స్‌పోర్ట్ ఉంది. డౌన్‌లోడ్ గేమ్ అయితే సేవ్ ఫైలు మన డిస్క్ మీదే ఉంటుంది, నెట్ లేకపోయినా ఆడొచ్చు. కాకపోతే ఎక్కడి నుంచి దించుకుంటున్నామో చూసుకోవాలి. తయారుచేసినవాళ్ల సొంత పేజీయో, చిన్న గేమ్స్ పెట్టే ఇచ్.ఐఓ లాంటి వెబ్‌సైటో అయితే ఫర్వాలేదు. ఇచ్.ఐఓలో "ఉచితం", "వెబ్" అని రెండు ఫిల్టర్లు పెడితే ట్యాబ్‌లోనే ఆడుకునేవి బోలెడు తేలతాయి. డౌన్‌లోడ్ నొక్కితే ఇష్టమైతే ఎంతో కొంత ఇవ్వమని అడుగుతుంది. వద్దనుకుంటే అక్కడే చిన్న లింకు ఉంటుంది, దాని మీద నొక్కి ముందుకు వెళ్లొచ్చు. నేను మొదట వద్దనే నొక్కుతాను, గేమ్ పూర్తి చేసి నచ్చితే వెనక్కి వచ్చి ఇస్తాను.

బ్రౌజర్‌లో గేమ్స్ నడిపించిన పాత సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ రోజుల్లో ఆడినవి ఏమయ్యాయని కొందరు అడుగుతుంటారు. ఫ్లాష్‌కు అడోబీ 2020 చివర్లో మంగళం పాడింది. ఫ్లాష్ లేకపోయినా ఆ పని చేసిపెట్టే రఫుల్ అనే ఎమ్యులేటర్ వల్ల చాలా గేమ్స్ మళ్లీ బ్రౌజర్‌లో నడుస్తున్నాయి, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కొన్ని అలాగే దొరుకుతాయి. ఫ్లాష్‌పాయింట్ అనే భాండాగారం వేలకొద్దీ దాచింది. వాటిలో ఏది మేలో చెప్పాలంటే ఇంకో వ్యాసం అవుతుంది.

మా వాడికి ఈసారి పది చెప్పలేదు. సెలెస్ట్ క్లాసిక్ ముందు, తర్వాత చీకటి గది, ఆ తర్వాత ఓపికుంటే కేవ్ స్టోరీ అని మూడే చెప్పాను. మొన్న రాత్రి శిఖరం ఎక్కి, జెండా దగ్గర నిలబడి స్క్రీన్‌షాట్ పంపాడు. గంటా నలభై నిమిషాలు, 386 చావులు. "నీకెన్ని బాబాయ్?" అని కింద మెసేజ్. చూశాను గానీ ఇంకా జవాబివ్వలేదు.